విషయం రాయని దరఖాస్తులు

షేర్ ఆటోలోంచి ఎవడో తల బయటికి పెట్టి, “ఏయ్ డిలీట్ అక్కా! మమ్ముల గూడ డిలీట్ జేస్తవా?” అని అరిచాడు. ఆటోలో ఉన్నవాళ్ళంతా పకపకా నవ్వారు. నా పక్కన నడుస్తున్న సృజన తల ఎత్తలేదు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఆటో వెళ్ళిపోయింది కాబట్టి సరిపోయింది, ఆగి ఉంటే ఆ రోజు బొంతపల్లి రోడ్డు మీద నా చెప్పు తెగేది.

“ఎవడే వాడు?” అన్నాను.

“మా ఊరోడే మేడమ్. మా ఊర్ల ఇప్పుడు నా పేరు గదే,” అంది.

చెప్పే తీరు ఎలా ఉందంటే, ఎవరి గురించో చెబుతున్నట్టుంది.

నా పేరు వీరలక్ష్మి. మందుల ముడిసరుకు తయారుచేసే ఫ్యాక్టరీలో స్టోర్స్ చూస్తాను. మా నాన్నగారు భీమవరం వైపు నుంచి ఇక్కడ ప్రభుత్వ కర్మాగారంలో ఉద్యోగానికి వచ్చి ఉండిపోయారు. నేను పుట్టిందీ పెరిగిందీ ఇక్కడే. అయినా నేను నోరు తెరిస్తే చాలు, “ఆంధ్ర మేడమ్” అంటారు. అనుకోనీ. నాకు కోపం ఎక్కువని కూడా అంటారు, అదీ నిజమే. కానీ సృజన మీద నాకు ఏనాడూ కోపం రాలేదు. నా బల్లకు ఎదురుబల్ల ఆమెది. మధ్యాహ్నం నా డబ్బాలో పులుసు ఆమెకు, ఆమె డబ్బాలో పచ్చి టమాట తొక్కు నాకు.

సృజనకు ఇరవై ఆరేళ్ళు. బొంతపల్లి దాటి కుడిచేతి వైపు మళ్ళితే వచ్చే చిన్న ఊరు వాళ్ళది. తండ్రి చిన్నప్పుడే పోయాడు. తల్లి నాట్లకు, కలుపుకు కూలికి వెళ్ళి ఈ పిల్లను డిగ్రీ చదివించింది. మేనమామ ఐలన్న మా ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్. ఆరేళ్ళ కిందట ఆయనే బతిమాలి ఆమెను గేటు గదిలో కంప్యూటర్ ముందు కూర్చోబెట్టించాడు, లోపలికొచ్చే లారీల నంబర్లు కొట్టే పనికి. రెండేళ్ళకు ఆఫీసులోకి తెచ్చుకున్నారు. అప్పటి నుంచి ఫ్యాక్టరీకి బయటివాళ్ళు ఎవరు మెయిల్ రాసినా ఆమె కంప్యూటర్‌కే వస్తుంది. చూసి, ఎవరిది వాళ్ళకు అందజేస్తుంది. కూలికి వెళ్ళే వాళ్ళ ఇళ్ళలోంచి వచ్చి కుర్చీలో కూర్చున్న మొదటి ఆడపిల్ల ఆ ఊళ్ళో ఈమే.

ఆ కుర్చీ కంటే ఆమెకు గొప్ప ఇంకోటుంది. ఆదివారం పొద్దున వాళ్ళ అరుగు మీద పది పన్నెండు మంది కూర్చునేవాళ్ళు. ఒకరికి పింఛను ఫారం, ఇంకొకరికి హాల్ టికెట్, ఇంకో ముసలమ్మకు ఆధార్‌లో పేరు తప్పు. అన్నీ తన ఫోన్‌లోనే చేసిపెట్టేది. “సృజనకిస్తే ఐపోయినట్టే” అనేవాళ్ళట. ఆ మాట నాకు చెప్పేటప్పుడు పిల్ల ముఖం వెలిగిపోయేది.

ఇప్పుడు ఆ అరుగు మీద ఎవరూ కూర్చోవడం లేదు.

సంగతేమిటంటే, తెల్లవారుజామున ఆ ఊళ్ళో ఘాటైన వాసన వస్తోంది. మా ఫ్యాక్టరీ నుంచే. మా గేటు పక్కనే ఒక బోర్డుంది. ఫిర్యాదులు ఉంటే ఈ మెయిల్‌కు పంపండి, ఏడు రోజుల్లో జవాబిస్తాం అని. శ్రీశైలం అని ఆ ఊళ్ళో ఒకడున్నాడు. ఊరి దరఖాస్తులన్నీ అతనే రాస్తాడు. బోర్డు చూసి రెండు నెలల్లో మూడు దరఖాస్తులు పంపాడు. ఒక్కదానికీ జవాబు లేదు. కాలుష్యం చూసే అధికారుల దగ్గరికి వెళ్ళాడు. వాళ్ళు మా ఫ్యాక్టరీకి వచ్చారు. మా మేనేజర్ సుధీర్ గారు, “మాకు ఒక్క ఫిర్యాదు కూడా రాలేదండీ” అన్నారు. శ్రీశైలం ఫోన్ తీసి చూపించాడు. ముచ్చటగా మూడూ వెళ్ళినట్టే ఉన్నాయి. సృజన కంప్యూటర్లో చూస్తే మూడూ లేవు.

ఇంకేముంది! కంపెనీ చెరిపెయ్యమంటే ఊరి పిల్లే చెరిపేసిందని ఊరు. కంపెనీని ఇరికించడానికి ఊరి పిల్ల కావాలనే చెరిపేసిందని కంపెనీ. అడకత్తెరలో పోకచెక్కలా అయిపోయింది మధ్యన ఈ పిల్ల. సుధీర్ గారు మెమో ఇచ్చారు, శనివారంలోగా రాతలో జవాబివ్వాలని. మెమోకు ఆమె బెదరలేదు. ఊరి సంగతికే కుంగిపోయింది.

“నిన్న నాట్లల్ల మా అమ్మను ఒక్కదాన్నే ఓ కొసకు ఏసిండ్రు మేడమ్,” అంది ఆ రోజు ఆటో వెళ్ళిపోయాక. “ఎంకమ్మత్త నాట్ల కూలోళ్ళ ముఠాకు పెద్ద. ఆమెనే జరగమన్నదట. పొద్దంత ఎవ్వలు మాట్లాడలే. నా నౌకరి పోతే ఇంకోటి దొరుకుతది. ఊర్ల నా మాట పోతే యాడ తెచ్చుకోవాలె?”

“నువ్వు చెరపలేదు కదా?”

“మా అమ్మ తోడు మేడమ్, నేను ముట్టనే లేదు.”

“అయితే పద. అవి ఎటు పోయాయో చూద్దాం. గాలికి ఎగిరిపోలేదుగా!” అన్నాను. నాకు కంప్యూటర్ గురించి తెలిసింది గోరంత. కానీ ఇరవై రెండేళ్ళు స్టోర్స్‌లో పనిచేసినదాన్ని. సరుకు పోయిందంటే ఎక్కడో ఒకచోట ఉండి తీరుతుందని నా నమ్మకం.

ముందు సిటీలో కంప్యూటర్లు చూసే కంపెనీవాడికి ఫోన్ చేశాం. వాడు అక్కడి నుంచే సృజన కంప్యూటర్‌లో దూరి, బాణం గుర్తును అటూ ఇటూ తిప్పి, ఐదు నిమిషాల్లో తేల్చేశాడు. “సిస్టమ్ ఓకే మేడమ్. వాడేవాళ్ళే డిలీట్ కొట్టి ఉంటారు.” వాడి నోట్లో దుమ్ము పడ! ఆ ఒక్క ముక్క సుధీర్ గారి చెవిన పడితే పిల్ల కొంప మునిగినట్టే. ఫోన్ పెట్టేసి మేమే మొదలుపెట్టాం.

చెరిపేసిన మెయిల్స్ చేరే చెత్తబుట్ట వెతికాం. లేవు. పనికిరానివని కంప్యూటరే పక్కన పడేసే గంప వెతికాం. అందులో లాటరీ తగిలిందని చెప్పేవాళ్ళు తప్ప శ్రీశైలం లేడు. ఆ తర్వాత సృజన ఫిల్టర్లు తెరిచింది.

“అవేమిటే?” అన్నాను.

“గేటు కాడ మామకు చెప్పి పెడ్తరు చూడు మేడమ్, పలానోళ్ళు వస్తె లోపలికి తోలకు, పక్కకు కూసోబెట్టు అని. గట్లనే కంప్యూటర్‌కు గూడ చెప్పి పెట్టొచ్చు. మనం చూడకున్నా వెనుకనుంచి దాని పని అది చేసుకుంట పోతది.”

చూస్తే ఆమె కంప్యూటర్లో ఒక్క ఫిల్టరూ లేదు. ఖాళీ.

నా ఫోన్ నుంచి ఒక మెయిల్ పంపాను, “వీరలక్ష్మి పరీక్ష” అని విషయం రాసి. వచ్చింది, ఉంది. నా గోంగూర డబ్బా ఫోటో తీసి, “గోంగూర” అని విషయం రాసి పంపాను. అదీ వచ్చింది, అదీ ఉంది. నా గోంగూర నిలుస్తోంది, శ్రీశైలం దరఖాస్తు నిలవడం లేదు. ఇక లాభం లేదని శ్రీశైలానికే ఫోన్ చేశాను.

“శ్రీశైలం గారూ, ఆ దరఖాస్తు ఇంకోసారి పంపండి. మేం చూస్తూ కూర్చుంటాం.”

“ఎందుకు మేడమ్, డిలీట్ కొట్టనీకి చేతులు గుంజుతున్నయా మీ పిల్లకు?”

“చేతులు ఆమెవి కట్టేస్తానయ్యా. మౌస్ నేను పట్టుకుంటాను. ముందు పంపు!” అన్నాను. నాకు ‘గారూ’ అన్నది ఒక్కసారి కంటే ఎక్కువ నిలవదు.

పంపాడు. సృజనను కుర్చీ వెనక్కి జరిపి, రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకోమన్నాను. తెర మీద శ్రీశైలం పేరు వచ్చింది. పక్కన విషయం ఉండాల్సిన గడిలో ఏమీ లేదు, కింద ఒక ఫోటో ఉన్నట్టు గుర్తు. నేను తెరుద్దామని మౌస్ కదిపాను. కళ్ళ ముందే, ఎవరూ ముట్టకుండానే, ఆ వరుస చటుక్కున మాయమైంది.

“అమ్మో!” అన్నాను.

సృజన ఏడ్చేసింది. “చూసిండ్రు గద మేడమ్? మీరు చూసిండ్రు గద? నేను ముట్టలే. ఒక్కలన్న చూసిండ్రు,” అని నా కొంగు పట్టుకుని ఏడ్చింది. నెల రోజుల ఏడుపు అది. నేను కూడా ఏడ్చాను, దాచుకోవడం ఎందుకు!

కళ్ళు తుడుచుకున్నాక ఆ పిల్లే ఆలోచించింది. ఈ మెయిల్ పెట్టె మన కంప్యూటర్లో లేదు, ఎక్కడో దూరాన ఉంది. ఇంకెక్కడో ఇంకో కంప్యూటర్ కూడా ఇదే పెట్టెను తెరుచుకుని కూర్చుని ఉండాలి. అక్కడ ఫిల్టర్ ఉంటే, అక్కడ తీసేసింది ఇక్కడా పోతుంది. ఆమె ఆ మాట అనగానే నాకు సుధీర్ గారి మీదే అనుమానం వచ్చింది. పైకి శ్రీరంగ నీతులు, లోపల ఈ పనా అనుకుని, ఆయన గది వైపు చూసి పళ్ళు నూరుకున్నాను. పాపం, ఆ తిట్లు ఆయనకు ఊరికే తగిలాయి.

“పాస్‌వర్డ్ మార్చిపారేస్త మేడమ్. ఇంకొకల కంప్యూటర్ల తెరిచి ఉంటె ఇగ తెరుచుకోదు. పాస్‌వర్డ్ చెప్పుమని అడుగుతది. గప్పుడు వాళ్ళే పరేషాన్ అయి బయటికొస్తరు,” అంది.

గురువారం సాయంత్రం మార్చింది. శుక్రవారం పొద్దున నేను సుధీర్ గారి గది తలుపు మీదే కన్నేసి కూర్చున్నాను. ఆ తలుపు కదల్లేదు. తొమ్మిదిన్నరకు మెట్లెక్కి వచ్చినవాడు ఐలన్న. టోపీ చేతిలో పట్టుకుని, కాస్త భయంగా నిలబడ్డాడు.

“బిడ్డా, మన డబ్బా పొద్దుగాల్నుంచి ఏదో అడుగుతున్నది. తీసేస్తె మల్ల అడుగుతున్నది. జెరొచ్చి చూస్తవా?”

“ఏ డబ్బా మామా?”

“నీదేనే. గేటు కాడ నువ్వు కొట్టేది.”

“అది ఇంక నడుస్తున్నదా!”

“నడువకేంది? రోజు పొద్దుగాల ఆరింటికి నేనే ఆన్ జేస్త. నువ్వే చెప్పినవ్ గద, పగలు బంద్ చెయ్యకు మామా, లారీల లిస్టు వస్తది అని.”

మేమిద్దరం ఒకరి ముఖం ఒకరు చూసుకున్నాం. లారీల లెక్క ఫోన్‌లోకి మారి నాలుగేళ్ళు దాటింది. ఆ కంప్యూటర్ ఆపెయ్యమని మాత్రం ఐలన్నకు ఎవరూ చెప్పలేదు. ఎవరూ వద్దనలేదు కాబట్టి ఆయన మానలేదు. రోజూ తువ్వాలుతో తుడవడం, మీట నొక్కడం, శుక్రవారం శుక్రవారం బొట్టు పెట్టడం. లారీల లిస్టు కంపెనీ మెయిల్‌లోనే వచ్చేది కాబట్టి, మీట నొక్కగానే ఆ మెయిల్ పెట్టె దానంతట అదే తెరుచుకునేలా అప్పట్లో సృజనే పెట్టుకుంది. సాయంత్రం ఆరుకు ఆపడం, మళ్ళీ తెల్లవారి మొదలు.

గేటు గదికి పరుగెత్తాం. పాత కంప్యూటర్ మీద తాజా బొట్టు ఉంది. తెర మధ్యలో పాస్‌వర్డ్ అడుగుతోంది. సృజన కొత్తది కొట్టి, ఫిల్టర్లు తెరిచింది. ఒక్కటే ఒక్కటి ఉంది. దాని పేరు ‘బయోడేటా’. విషయం గడి ఖాళీగా ఉండి, ఫోటో జతచేసి ఉంటే, ఆ మెయిల్‌ను పెట్టెలోంచి తీసి ఈ కంప్యూటర్‌లోని ‘పాతవి’ అనే ఫోల్డర్‌లో పడెయ్యి అని రాసి ఉంది. అది చదివి సృజన ఐలన్న స్టూలు మీద కూలబడింది.

“ఎవరు పెట్టారే ఇది?” అన్నాను, సుధీర్ గారి పేరు వినడానికి సిద్ధంగా.

“నేనే మేడమ్,” అంది. “ఇది నేనే పెట్టిన.”

అప్పుడు చెప్పింది. సుధీర్ గారి కంటే ముందు మురళీమోహన్ అని ఒక మేనేజర్ ఉండేవాడు. చుట్టుపక్కల ఊళ్ళలోని చదువుకున్న పిల్లలంతా ఉద్యోగాల కోసం రోజూ మెయిల్స్ పంపేవాళ్ళు. జిరాక్స్ షాపులో బయోడేటా రాయించి, ఫోన్‌తో ఫోటో తీసి పంపడమే. విషయం గడిలో ఏదైనా రాయాలని వాళ్ళకు చెప్పిన నాథుడు లేడు. “ఇవి నా కంటికి కనబడకుండా చేస్తావా అమ్మా?” అని మురళీమోహన్ గేటు గదిలోని ఈ పిల్లను అడిగాడట. పటాన్‌చెరులో కంప్యూటర్ కోర్సు అప్పుడే అయింది, కొత్త విద్య చేతిలో దురద పెడుతోంది. పది నిమిషాల్లో చేసి చూపించింది. “శభాష్!” అన్నాడు. ఆ తెలివికి మెచ్చే ఆమెను పైకి ఆఫీసులోకి తీసుకున్నాడు.

“ఇరవై ఏండ్లు నాకు. నా తోటోళ్ళ కాయిదాలు పారేస్తున్న అని మనసులకే రాలే మేడమ్. సార్ శభాష్ అన్నడని ఇంట్ల గూడ చెప్పుకున్న.”

శ్రీశైలం దరఖాస్తులు ఎందుకు పడ్డాయో కూడా అప్పుడే తెలిసింది. మళ్ళీ ఫోన్ చేసి, “ఏమయ్యా, మెయిల్ పంపేటప్పుడు విషయం గడిలో ఏమీ రాయవా?” అని అడిగాను. “కాయిదం మీదనే ‘విషయం’ అని రాసి, కింద రెండు గీతలు గూడ గొడ్తి గద మేడమ్. మల్ల ఫోన్ల ఒకసారి రాయాల్నా?” అన్నాడు. దరఖాస్తు రాయడంలో అతన్ని తప్పుపట్టేవాడు ఈ మండలంలో లేడు. చక్కని చేతిరాత, గౌరవనీయులైన, ఇట్లు, అందరి వేలిముద్రలు, అన్నీ ఉన్నాయి.

‘పాతవి’ తెరిచింది సృజన. రెండువేల మూడువందల చిల్లర మెయిల్స్. పైన శ్రీశైలం నాలుగు దరఖాస్తులు. వాటి కింద ఆరేళ్ళ బయోడేటాలు, ఒక్కటీ చెరిగిపోకుండా.

ఐలన్నకు ఇదంతా అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక ప్లగ్గు పీకేసి, బయట గట్టు మీద కూర్చున్నాడు. “నా చేతులతోనే చేసిన్నా? నా బిడ్డ కూసున్న జాగ అని బొట్టు పెడ్తి గదనే. నీ పేరు మీద మన్ను నేనే పోసిన్నా?” అని తల కొట్టుకున్నాడు. గేటు దగ్గరకు నేను వచ్చిందే ఎవరినో ఒకరిని దులిపెయ్యడానికి. ఆయన్ని చూశాక నోరు రాలేదు. సృజనే వెళ్ళి పక్కన కూర్చుని, “నీ తప్పేం లేదు మామా, నేను చెప్పిందే చేసినవ్,” అంది.

సుధీర్ గారు సంగతంతా విని హాయిగా నవ్వారు. మెమో చింపేశారు. నాలుగు దరఖాస్తులకూ తనే జవాబు రాసి, రెండో బ్లాక్ మీది గొట్టం చూడమని మనుషుల్ని పంపారు. ఆ మేరకు ఆయన మంచివాడే, నా పాత తిట్లు వెనక్కి తీసుకున్నాను. “పాత కంప్యూటర్, సాంకేతిక లోపం. అంతే రాయండి. ఊళ్ళో కూడా అదే చెప్పండి. ఆ బయోడేటాల ఊసు ఎవరికీ వద్దు, అన్నీ తుడిపించేద్దాం,” అన్నారు.

“అట్లనే చెయ్యవే తల్లీ,” అన్నాను నేను కూడా. బయటికి తీసుకొచ్చి మరీ చెప్పాను. “నీ పేరు కడిగిన ముత్యంలా బయటపడింది. ఇప్పుడు వెళ్ళి ఆ పాతవన్నీ చెబితే కొరివితో తల గోక్కున్నట్టే. నోరు మూసుకుని ఉండు.”

“దరఖాస్తుల కాడ నేను చెయ్యలే అన్న, నిజమే. కాని మావోళ్ళ కాయిదాలు చేసిన గద మేడమ్,” అంది. “వాళ్ళు ఇప్పటిదాక కంపెనీవోళ్ళు చూసి వద్దన్నరనే అనుకుంటున్నరు. ఎవ్వలు చూడనే లేదు.”

శనివారం రోజంతా ఆ గేటు గదిలో కూర్చుని, రెండువేల మెయిల్స్‌లోంచి తన ఊరివాళ్ళవి ఏరింది. నూట పద్నాలుగు తేలాయి. నోటుబుక్కులో పేరు, తండ్రి పేరు, పంపిన తేదీ రాసుకుంది. సుధీర్ గారు అటుగా వచ్చి చూసి, “ఇదేదీ నేను చూడలేదు,” అనేసి వెళ్ళిపోయారు. మళ్ళీ పంపిన వాళ్ళవి తప్పకుండా చూస్తానని మాత్రం ఒప్పుకున్నారు.

ఆదివారం పొద్దున నేను కూడా ఆ ఊరు వెళ్ళాను. ఎవరైనా ఆ పిల్లను ఒక్క మాటంటే నా తడాఖా చూపిద్దామని. దరఖాస్తుల సంగతి చెబుతానని సృజన కబురు పెడితే, మహిళా సంఘం గది ముందు ఓ యాభై మంది పోగయ్యారు. సృజన తల్లి గోడ పక్కన నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది. సృజన మొత్తం చెప్పింది, ఏదీ దాచలేదు. దరఖాస్తులు ఎలా పోయాయో, ఫిల్టర్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో. ఐలన్న పేరు మాత్రం ఎత్తలేదు. కంప్యూటర్ నడుస్తూ ఉండిపోయింది అంది, అంతే.

“అంటే నువ్వే,” అన్నాడు శ్రీశైలం.

“నేనే అన్నా.”

“మేం అన్నది నిజమే గద మరి!”

“ఔ.”

గుసగుసలు లేచాయి. ఒకాయన తుపుక్కున ఉమ్మి లేచి వెళ్ళిపోయాడు. “శభాష్ అనిపించుకోనీకి మా నోట్ల మన్నుగొట్టినవా?” అన్నాడు ఇంకొకడు. నేను నోరు తెరవబోతే సృజన నా చెయ్యి పట్టి ఆపింది. నోటుబుక్కు తీసి పేర్లు చదవడం మొదలుపెట్టింది. మొదటి పది పేర్లు అయ్యేసరికి అందరూ దగ్గరికి జరిగారు. తమ పేరో, తమ కొడుకు పేరో వస్తుందేమో అని చెవులు రిక్కించారు.

ముందు వరుసలో కూర్చున్న ఒకావిడ చెయ్యెత్తింది. యాభై ఏళ్ళుంటాయి, బురద ఆరిన పాదాలు. సృజన తల్లిని నాట్లలో ఓ కొసకు వేయించిన ముఠా పెద్ద ఎంకమ్మ ఈమేనట.

“మా అనిల్‌ది ఉన్నదా?” అంది.

సృజన పేజీలు తిప్పింది. “ఉన్నది అత్తా. నాలుగు సార్లు పంపిండు.”

“నాలుగు సార్లా?”

“ఔ. రెండేండ్లల్ల నాలుగు సార్లు.”

“పంపిన అన్నడు,” అంది ఎంకమ్మ, తనలో తను చెప్పుకుంటున్నట్టు. “పంపిన అమ్మా, వాళ్ళే పిలుస్తలేరు అన్నడు. నేను నమ్మలే. ఐలన్న మేనకోడలికి వచ్చింది, నీకెందుకు రాదురా, నువ్వు పంపనే లేదు, అబద్దాలాడుకుంట తిరుగుతున్నవ్ అన్న. కంచం కాడ గూడ అన్న. నలుగురి ముంగట అన్న. వాడు పంపిన అని చెప్పుడే బంద్ వెట్టిండు. ఇంట్ల మాట్లాడుడే బంద్ వెట్టిండు.”

ఆ ఊరివాళ్ళందరికీ ఆ సంగతి తెలిసినట్టే ఉంది. అందరూ తలలు వంచుకున్నారు. సృజన నోటుబుక్కు మూసింది.

ఎంకమ్మ లేచి వచ్చింది. కొడుతుందేమోనని నేను అడ్డం వెళ్ళబోయాను. కొట్టలేదు. సృజన మణికట్టు గట్టిగా పట్టుకుంది. “నడువ్. ఇంట్లనే ఉన్నడు. వానికి నువ్వే చెప్పు. నేను చెప్తె నమ్మడు,” అంది.

ఆ చెయ్యి వదలకుండానే ఊరి నడివీధిలోంచి తీసుకుపోయింది. నెల రోజులుగా ఎవరూ పలకరించని పిల్లను ముఠా పెద్ద చెయ్యి పట్టుకుని నడిపించుకుపోతుంటే అరుగుల మీద వాళ్ళంతా చూశారు. కొందరు లేచి వెనకే వచ్చారు. సృజన తల్లి కూడా వచ్చింది, ఎవరూ జరగమనలేదు.

అనిల్ తెల్లాపూర్‌లో కట్టే పెద్ద పెద్ద అపార్ట్‌మెంట్లకు కాంక్రీట్ లారీ నడుపుతాడట. ఇంటి ముందు బండి కడుగుతున్నాడు. ఇంతమంది రావడం చూసి పైపు కింద పడేశాడు. సృజన ఎదురుగా నిలబడి, నోటుబుక్కు తెరిచి పట్టుకుని, నాలుగు తేదీలూ చదివింది. “నువ్వు పంపిన నాలుగు వచ్చినయ్ అనిల్. కంపెనీవోళ్ళ దాంక పోలే. పోకుంట చేసింది నేనే. తిట్టాలనుకుంటె తిట్టు,” అంది.

అతను ఆమెను తిట్టలేదు. ఆమె వైపు సరిగ్గా చూడను కూడా లేదు. నోటుబుక్కులో తన పేరు మీద తడివేలు పెట్టి, ఆ నాలుగు తేదీలూ తనే ఒకసారి చదువుకున్నాడు.

“గీ ముచ్చట మా అమ్మ ఇన్నదా?” అన్నాడు.

వెనకాల నిలబడ్డ ఎంకమ్మ ముందుకొచ్చింది. “ఇన్న బిడ్డా,” అంది. “అందరి ముంగటనే ఇన్న.”